ఇసుక బస్తా పట్టుకోదు

వర్క్‌షాపు మధ్యలో నీటి కుర్చీ వేలాడుతోంది. అందులో నాలుగు ఇసుక బస్తాలు, ఒక్కోటి నలభై కిలోలు, చెప్పిన మాట వినే పిల్లల్లా ఒద్దికగా కూర్చుని ఉన్నాయి. విల్లస్ బొత్తాం నొక్కాడు. మోటారు మూలిగింది. ఇనుప తాడు బిగిసింది. కుర్చీ నేల వదిలి నిదానంగా పైకి లేచింది, వెంట్రుకవాసి కూడా వాలకుండా.

"నూట అరవై కిలోలు!" అన్నాడు ఆస్గర్ చేతులు చరుచుకుంటూ. "టోవెకి మూడింతలు."

"ఆ మాట ఆవిడ ముందర అనకు. ముందు నిన్ను నీళ్ళలోకి తోస్తుంది," అంది సోల్వై.

ముగ్గురూ నవ్వారు. పక్కన స్పానర్లు తుడుస్తున్న వర్క్‌షాపు ఉద్యోగి మైకెన్ మాత్రం నవ్వలేదు.

ఆ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగు పైచదువుకి వచ్చినవాళ్ళకి పాఠం వేరు, ప్రాజెక్టు వేరు కాదు. ఊళ్ళో ఎవరికో నిజంగా ఉన్న కష్టాన్ని ఒకదాన్ని తెచ్చి బల్లమీద పెడతారు. దానితో కుస్తీ పడుతూనే లెక్కలూ లోహాలూ మోటార్లూ నేర్చుకోవాలి. ఈ ముగ్గురికీ ఫిబ్రవరిలో దొరికిన కష్టం టోవె. రేవు దగ్గరి చలినీళ్ళ క్లబ్బుకి ఆవిడే అధ్యక్షురాలు. ఎనభై ఒక్కేళ్ళు. నలభై చలికాలాలు, మంచు పడినా గాలి కోసినా, రోజూ పొద్దున్నే ఫ్యోర్డులో, ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, మునిగి లేచిన మనిషి. పోయినేడు తుంటికి ఆపరేషనయింది. అప్పట్నుంచి నిచ్చెన దిగలేదు. మిగతావాళ్ళు మునుగుతుంటే ఒడ్డున వాళ్ళ తువాళ్ళు పట్టుకుని కూర్చుంటోంది. ఆవిడ కోసమే ఈ కుర్చీ. నిచ్చెన పక్కనే ఒక ఇనుప స్తంభం, దానికో అడ్డకమ్మీ, కమ్మీకి తాడు, తాడుకి కుర్చీ. ఒక బొత్తాం నొక్కి పట్టుకుంటే దిగుతుంది, ఇంకోటి నొక్కి పట్టుకుంటే లేస్తుంది, వేలు తీస్తే ఆగుతుంది.

మైకెన్ కళ్ళు బస్తాల మీదే ఉన్నాయి. అవి ఎంత బాగా కూర్చున్నాయో! రోజూ సాయంత్రం ఆమె రెండేళ్ళ కూతుర్ని తొట్టిలోంచి ఎత్తుతుంది. సిల్యె పదకొండు కిలోలు. పదకొండు కిలోల పిండి బస్తా అయితే ఒంటిచేత్తో ఎత్తొచ్చు. కానీ పైకి లేస్తున్నానని తెలియగానే పిల్ల భయపడి కుళాయి పట్టేసుకుంటుంది. అప్పుడు ఎత్తేకొద్దీ పిల్ల పైకి రాదు, పక్కకి ఒరిగిపోతుంది. సబ్బు ఒళ్ళు. ఎన్నిసార్లు గుండె జారిందో లెక్కలేదు.

కుర్చీకి జానెడు దూరంలో నిచ్చెన ఉంటుంది. చన్నీళ్ళలోంచి పైకి లేస్తున్న ముసలావిడ చెయ్యి ఎక్కడికి పోతుంది? నిచ్చెన మీదికే. మోటారుకి ఆ సంగతి తెలీదు. అది లాగుతూనే ఉంటుంది.

మైకెన్ నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, ఆమెకి అనుమతి ఉన్నంతవరకే అడిగింది.

"ఇందులో కూర్చునేది ఎవరు?"

"టోవె," అన్నాడు విల్లస్.

"టోవె ఏం చేస్తుంది, కూర్చుని?"

"కూర్చుంటుంది! కూర్చున్నవాళ్ళు ఇంకేం చేస్తారు?" ఆస్గర్ ఆమె భుజం తట్టాడు. "నువ్వూ ఎబ్బెలాగా తయారవుతున్నావే! ప్రశ్నకి ప్రశ్న. ఇంక నీ పక్కన భోజనానికి కూర్చోం."

ఎబ్బె వాళ్ళ గైడు. అరవైకి దగ్గరపడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ ఒకటే మాట మీద నిలబడ్డాడు: ప్రశ్న అడుగు, జవాబు చెప్పకు. చెప్పిన జవాబు చెవిలో ఉంటుంది, వెతుక్కున్న జవాబు చేతిలో ఉంటుంది అంటాడు. మైకెన్ పనిలో చేరిన కొత్తలో, ఒక జట్టు తప్పు మరమేకులు బిగిస్తుంటే చూడలేక చెప్పేసింది. ఎబ్బె కోప్పడలేదు. కాఫీ పోసి ఇచ్చి, "వాళ్ళ దగ్గర్నుంచి నువ్వు మూడు వారాల చదువు దొంగిలించావు," అన్నాడు. ఆ మాట తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే ఆమె కూడా అక్కడే చదివింది, మూడో సెమిస్టరు దాకా. కడుపుతో ఉండి, వేవిళ్ళతో జట్టు గదికి పోలేక, మానేసింది. మిగిలిన అయిదుగురూ రిపోర్టు పూర్తి చేశారు. అట్టమీద అయిదు పేర్లే. అందులో ఒక అధ్యాయం లెక్కలు ఆమెవి. వాళ్ళని తప్పుపట్టలేదు. కానీ ఇప్పటికీ చదువుకున్నవాళ్ళ ముందు నోరు తెరవాలంటే, "నీకేం తెలుసు" అని ఎవరో లోపల్నుంచే అంటారు.

అయినా ఆ మధ్యాహ్నం కాఫీ గదిలో ఎబ్బెని పట్టుకుంది.

"ఎబ్బె, నువ్వా కుర్చీ చూశావా?"

"చూశాను."

"ఆవిడ నిచ్చెన పట్టుకుంటే?"

ఎబ్బె కళ్ళు మెరిశాయి. "శభాష్! నువ్వు ఎప్పుడు చూశావు?"

"ఇవాళ."

"నేను ఫిబ్రవరిలో. రెండో వారం, వాళ్ళు మొదటి బొమ్మ గీసినప్పుడే." జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి చూపించాడు. వైవాలో అడగబోయే ప్రశ్నల్లో మొదటిది అదే: 'మనిషికీ ఇసుక బస్తాకీ తేడా ఏమిటి?' "అప్పటికైనా దొరక్కపోతే వైవాలో దొరుకుతుంది. జన్మలో మర్చిపోరు."

"గురువారం రేవు మీద బిగిస్తున్నారుగా. టోవె కూర్చుంటానంటే?"

"ప్లానులో బస్తాలే ఉన్నాయి. మనుషులు లేరు. చదివాను." తర్వాత మెత్తగా అన్నాడు, "మైకెన్, నీ భయం నాకు తెలుసు. తల్లివి. కానీ వీళ్ళు పసిపిల్లలు కాదు. కొంచెం ఓపిక పట్టు."

ఆమె తలూపింది. ఓపికగా ఉన్నానో పిరికిగా ఉన్నానో ఆమెకే తెలియలేదు. భర్త గాలిమరల పనికి రెండు వారాలు సముద్రం మీదికి పోయాడు, అడగడానికి ఎవరూ లేరు. బుధవారం సాయంత్రం దాకా మూడుసార్లు జట్టు గది తలుపు దాకా వెళ్ళింది. మూడుసార్లూ లోపల వాళ్ళు రిపోర్టు రాసుకుంటూ పోట్లాడుకోవడం విని, ఏదో రెంచి కోసం వచ్చినట్టు తిరిగి వచ్చేసింది.

*

గురువారం గాలి లేదు. నీళ్ళు పన్నెండు డిగ్రీలు. క్లబ్బువాళ్ళు పదిమంది దాకా తువాలు గౌన్లలో చెక్కరేవు మీద నిలబడ్డారు. టోవె ఫ్లాస్కులో కాఫీ, బుట్ట నిండా దాల్చినచెక్క రొట్టెలు తెచ్చింది. ఊతకర్ర బల్లకి ఆనించి, పెళ్ళికి వచ్చినట్టు జుట్టు దువ్వుకుని కూర్చుంది. ఎబ్బె జేబుల్లో చేతులు పెట్టుకుని ఓ పక్కగా నిలబడ్డాడు. మైకెన్ పనిముట్ల పెట్టె మోసుకొచ్చింది.

బస్తాలు దిగాయి. మునిగాయి. నీళ్ళోడుతూ లేచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. విల్లస్ రెండోసారి దింపాడు, మూడోసారి దింపాడు. ఆస్గర్ కాగితం మీద టిక్కులు పెట్టుకున్నాడు.

"బస్తాల స్నానాలు అయ్యాయా?" అంది టోవె, గౌను ముడి విప్పుతూ. "ఇంక మనుషుల వంతు."

"ఇవాళ బస్తాలకే టోవె. ప్లానులో అంతే ఉంది," అంది సోల్వై.

"తల్లీ, నాకు ఎనభై ఒకటి. నా ప్లాను వేరేవాడు రాస్తున్నాడు. వాడు మీ ప్లానులో మనుషుల వంతు వచ్చేదాకా ఆగుతాడని ఎవరైనా హామీ ఇస్తారా?"

క్లబ్బువాళ్ళు గొల్లున నవ్వారు. "కూర్చోనీ పాపం!" అన్నారెవరో. ఆస్గర్ విల్లస్ వంక చూశాడు. విల్లస్ సోల్వై వంక చూశాడు. నూట అరవై కిలోలు మూడుసార్లు మోసిన కుర్చీ. చూసే కళ్ళన్నీ వాళ్ళమీదే. ముగ్గురి మొహాల్లో గర్వం ముందు, భయం వెనక.

"ఒక్కసారే అయితే..." అన్నాడు విల్లస్.

మైకెన్ ఎబ్బె వైపు తిరిగింది. చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు. ఎబ్బె ముగ్గురినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఒక్కరైనా అడుగుతారని, చేతికందే దూరంలో ఉన్న ఆ ఒక్క ప్రశ్న ఎవరి నోటివెంటైనా వస్తుందని, ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ ఎదురుచూపులోనే టోవె లేచి రెండడుగులు వేసేసింది.

"ముందు నేను కూర్చుంటాను," అంది మైకెన్.

గొంతు అంత పెద్దగా వస్తుందని ఆమె అనుకోలేదు.

"వరసలో నేను ముందు అమ్మాయ్," అంది టోవె.

"నువ్వు అధ్యక్షురాలివి టోవె. నేను బస్తాని. బస్తాల వంతు ఇంకా అవలేదు."

మళ్ళీ నవ్వులు. టోవె చెయ్యి ఊపి, "సరే, తొందరగా కానీ," అంది. మైకెన్ చెప్పులు విప్పి, పనిబట్టలతోనే కుర్చీలో కూర్చుంది. ఆమె ఆలోచన చిన్నదే. నీళ్ళలోంచి లేచేటప్పుడు నిచ్చెన ఒక్క క్షణం పట్టుకుంటుంది. కుర్చీ కొంచెం వాలుతుంది. వాళ్ళు చూస్తారు. వదిలేస్తుంది. నోటితో ఒక్క జవాబూ చెప్పనక్కర్లేదు.

కుర్చీ దిగింది. నీళ్ళు మోకాళ్ళు, నడుము, రొమ్ము. ఊపిరి ఎవరో గుప్పిట్లో పిండినట్టు ఆగిపోయింది. ఆమె చలినీళ్ళ మనిషి కాదు. మునిగితే ఒళ్ళు ఏం చేస్తుందో ఆమెకి తెలీదు.

"లేపనా?" అని పైనుంచి విల్లస్ కేక.

తలూపింది. కుర్చీ కదిలింది. ఆమె చెయ్యి చాపకముందే చేతులు రెండూ వాటంతటవే పోయి నిచ్చెన కమ్మీని కరుచుకున్నాయి. వదులు, అనుకుంది. చేతులు వినలేదు. చలికి వేళ్ళు కొయ్యబారి ముడుచుకుపోయాయి. తాడు కుర్చీని పైకి లాగుతోంది, చేతులు ఆమెని కింద ఉంచుతున్నాయి. సీటు ఒక పక్క పైకి లేచి, ఆమె నడుమునీ తొడల్నీ పక్కకి దొర్లించింది. ఒక కాలు, పాదాలు ఆనించే కమ్మీ సందులో చిక్కుకుంది. కాలు పైకి, తల కిందికి.

"వదులు మైకెన్! వదిలెయ్!" అని విల్లస్ అరుస్తున్నాడు. బొత్తాం మీది వేలు తియ్యాలని తోచలేదు. బస్తాలతో చేసిన పరీక్షల్లో మధ్యలో ఆపాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు.

"ఆపు! వేలు తియ్యి!"

అది ఎబ్బె గొంతు. నాలుగు నెలల్లో ఆయన వాళ్ళకి చెప్పిన మొదటి జవాబు అదే.

మైకెన్ అది వినలేదు. చెవుల నిండా నీళ్ళు. ఆకుపచ్చటి వెలుతురు. నాలుగింటికి క్రెష్‌ మూసేస్తారు, అనుకుంది, ఎంతో స్పష్టంగా. సిల్యె గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడి ఉంటుంది. తర్వాత ఎవరో పక్కన దబ్బున పడ్డారు. సోల్వై చేతులు ఆమె మెడ కిందికి వచ్చాయి. తల గాలిలోకి వచ్చింది.

*

చెక్కల మీద పడుకోబెట్టి, టోవె గౌనూ ఇంకా నాలుగు గౌన్లూ కప్పారు. మణికట్టు వాచింది. చీలమండ చర్మం ఊడింది. దగ్గి దగ్గి ఉప్పునీళ్ళు కక్కింది. ఎవరూ నవ్వడం లేదు. కుర్చీ ఒక పక్కకి వంగి, అడ్డకమ్మీ మెలితిరిగి, నీళ్ళమీద ఊగుతోంది.

సోల్వై తడిబట్టలతో వణుకుతూ ఆమె పక్కన కూలబడింది. "బస్తా పట్టుకోదు," అంది, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "మనిషి పట్టుకుంటుంది. దేవుడా... మొన్న నువ్వు అడిగావు. కూర్చుని ఏం చేస్తుందని అడిగావు. నీకు తెలుసా అప్పటికే?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

మైకెన్ నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. ఎబ్బె ముందుకి వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"చెప్పొద్దన్నది నేను. నాకూ తెలుసు. ఫిబ్రవరి నుంచి."

"ఫిబ్రవరి!" అన్నాడు ఆస్గర్. అతనికి ఇరవై నాలుగేళ్ళు, ఎప్పుడూ వెక్కిరించే నోరు. ఇప్పుడందులో వెక్కిరింత లేదు. "ఇందాక టోవె లేచినప్పుడు కూడా నువ్వు చూస్తూ నిలబడ్డావు. మా జవాబు కోసం."

"అవును," అన్నాడు ఎబ్బె.

టోవె ఈతబట్టల్లో, ఊతకర్ర లేకుండా, ఒక చెయ్యి బల్లమీద ఆనించి నిలబడి ఉంది. ఆమె ఎబ్బెని అడిగింది, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. "నేను ఏమిటి నాయనా మీ పాఠంలో? ప్రశ్ననా, జవాబునా?"

ఎబ్బె కారు తెచ్చి మైకెన్‌ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలో ఆమె ఒక్కటే అడిగింది, టైమెంతయిందని. మూడుంపావు. కట్టు కట్టించుకుని క్రెష్‌ చేరేసరికి నాలుగుకి రెండు నిమిషాలు. దిగబోతుంటే ఆయన స్టీరింగు వంక చూస్తూ అన్నాడు, "ముప్ఫై ఏళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. అది నా గొప్ప అనుకున్నాను."

*

జూన్‌లో వైవా. అక్కడ వైవా తలుపులు ఎవరికీ మూసి ఉండవు, ఎవరైనా వచ్చి వెనక కూర్చోవచ్చు, నోరు మాత్రం మెదపకూడదు. సోల్వై వర్క్‌షాపుకి వచ్చి రమ్మంది. మైకెన్ రానంది. మర్నాడు ఆస్గర్ వచ్చి, "రాకపోతే నీ కుర్చీలో మళ్ళీ బస్తానే కూర్చోబెడతాం, అదే మా ఖర్మ," అన్నాడు. వెళ్ళింది. మణికట్టుకి ఇంకా కట్టుంది. చివరి వరసలో టోవె పక్కన కూర్చుంది. మూడేళ్ళ కిందట ఆ గదిలోనే ఆమె జట్టు ఆమె లేకుండా నిలబడి ఉంటుంది.

ముగ్గురూ ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల ముందు నిలబడ్డారు. బల్లకి అటు ఎబ్బె, ఆయన పక్కన ఎక్స్‌టర్నల్‌గా వచ్చినావిడ. క్రేన్ల కంపెనీలో ఇంజినీరు, సన్నటి కళ్ళద్దాలు. జట్టువాళ్ళు గొప్పల జోలికి పోలేదు. వంగిపోయిన అడ్డకమ్మీ ఫొటో మొదట పెట్టారు.

"ఈ లోపం ఎవరు కనిపెట్టారు?" అని ఎక్స్‌టర్నల్ అడిగింది.

"మేం కాదు," అంది సోల్వై. "మైకెన్ పీడర్సన్. వర్క్‌షాపులో పనిచేస్తుంది. ఏడో అధ్యాయం ఆమె చెప్పినట్టే రాశాం. ఆమె పేరు అట్టమీద వెయ్యడానికి రూలు ఒప్పుకోదన్నారు. అధ్యాయం మీద వేశాం."

మైకెన్ తల దించుకుంది. చెవులు మండిపోయాయి. టోవె మోచేత్తో పొడిచింది, "తలెత్తు అమ్మాయ్" అన్నట్టు.

గంటసేపు ఎక్స్‌టర్నల్ అడిగింది. తాడు ఎప్పుడు ఆగాలి, ఎంత గుంజితే మోటారు తనంతట ఆగాలి, చెయ్యి చాచినంత దూరంలో ఏముండకూడదు. కొన్నిటికి చెప్పారు, కొన్నిటికి తెలీదన్నారు. తర్వాత ఆవిడ ఎబ్బె వైపు తిరిగింది. "నీ ప్రశ్నలు?"

ఎబ్బె నోటు పుస్తకం తెరిచి, మళ్ళీ మూశాడు. "నా దగ్గర ఒకటి ఉండేది. నాలుగు నెలలు దాచాను. అడగాల్సిన రోజు రేవు మీద దాటిపోయింది. పరీక్ష నోట్సులో ఇది రాయండి." తర్వాత ఎవరూ అనుకోని పని చేశాడు. గది చివరికి చూశాడు. "మైకెన్, నేనేం చేసి ఉండాల్సింది? నాకు నిజంగా తెలీక అడుగుతున్నాను."

"వెనక వరసకి మాట్లాడే హక్కు లేదు," అంది ఎక్స్‌టర్నల్. అని, కలం పక్కన పెట్టింది.

మైకెన్ లేచి నిలబడింది. నీకేం తెలుసు, అని లోపలి గొంతు అననే అంది.

"చెప్పాల్సింది," అంది. "కుర్చీ కాగితం మీద బొమ్మగా ఉన్నంతసేపూ అడుగుతూ ఉండొచ్చు. టోవె గౌను ముడి విప్పగానే చెప్పాల్సింది. నేనూ చెప్పాల్సింది, ముందు రోజే. తలుపు దాకా మూడుసార్లు వెళ్ళాను. నీ మాటకి భయపడ్డాను, వీళ్ళు నవ్వుతారని భయపడ్డాను. టోవె కోసం తర్వాత భయపడ్డాను. అది తప్పు."

కూర్చుంది. ఎబ్బె నోటు పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. "సరే," అన్నాడు చివరికి. అంతే.

మార్కులు తేల్చుకోవడానికి అందరినీ బయటికి పంపారు. వరండాలో ఎవరో అభినందనలకని చిన్న కాగితపు జెండాలు, ఒక షాంపేను సీసా పెట్టి ఉంచారు. ఎవరూ ముట్టుకోలేదు. ఆస్గర్ గోడకి ఆనుకుని, మైకెన్ వంక చూడకుండా అన్నాడు, "వర్క్‌షాపులో ఆ రోజే చెప్పి ఉంటే నిన్ను తిట్టుకునేవాళ్ళం."

"తెలుసు."

"అయినా చెప్పాల్సింది."

"అదీ తెలుసు."

టోవె కిటికీ దగ్గర నిలబడి ఉంది. అక్కణ్ణుంచి ఫ్యోర్డు కనిపిస్తుంది, ఎండకి తగరపు రేకులా. మైకెన్ పక్కకి వెళ్ళింది.

"సెప్టెంబర్లో కొత్త పిల్లలు తీసుకుంటారట ఈ కుర్చీని," అంది టోవె. "చలికాలానికి అయిపోతుందా?"

ఏమో చూద్దాం, నీకేమనిపిస్తోంది, అని అడగడం మైకెన్‌కి అలవాటు. అది నాలుక చివరే ఉంది.

"అవదు," అంది. "స్తంభం నిచ్చెనకి దూరం జరపాలి. రేవు కింద దుంగలు కొత్తవి దించాలి. వసంతానికి అవుతుంది, అన్నీ కుదిరితే."

టోవె నీళ్ళ వంక చూస్తూ లెక్క వేసుకుంది. ఇంకో చలికాలం, తువాళ్ళు పట్టుకుని.

"సరే. చెప్పావు, అది చాలు," అంది. ఊతకర్ర చేతికి తీసుకుని, మైకెన్ కట్టులేని చెయ్యి పట్టుకుంది. "పద, తలుపు తీస్తున్నారు."